రెండు ఆసులొచ్చిన శుక్రవారం

మెసయీద్‌లో మా గల్ఫ్ కూలీల క్యాంపు గదిలో శుక్రవారం మధ్యాహ్నం పేకాట. పందెం కాబూలీ శనగలు. ఎవరివి ముందు అయిపోతే వాళ్లు వచ్చే శుక్రవారం గదంతటికీ వండాలి. మాకు తెలిసింది మూడు ముక్కలాటే. పోకర్ నేర్పింది పక్క మంచం నేపాలీ. చేతికి రెండే ముక్కలు. తర్వాత నేల మీద తెరిచే ఐదూ అందరివీ. పెద్ద జతొస్తే అవి తెరవకముందే గట్టిగా పెంచాలని అతను హిందీలో వందసార్లు చెప్పాడు.

ఆ రోజు నాకు రెండు ఆసులొచ్చాయి. నా వెధవ భయమల్లా పెంచితే అందరూ ముక్కలు పడేసి పారిపోతారని. మూడు ముక్కలాటలోలాగే నోరు మూసుకుని రెండు శనగలు పెట్టాను. మిగతా ఐదుగురూ ఆటలోకి వచ్చారు. ఒక్కో ముక్క తెరుస్తుంటే, ఇంతమందిలో ఎవరికేం కలుస్తుందోనని ఒక్కొక్కరి మొహమే చూశాను. అయినా ఆసులు వదల్లేక, ఉన్న శనగలన్నీ తోసేశాను.

మా గదిలోని నిజామాబాద్ అతను తన చేతిలోని రెండు అంకె ముక్కా, ఏడు అంకె ముక్కా చూపించాడు. నేల మీద కూడా ఒక రెండు, ఒక ఏడు ఉన్నాయి. రెండు జతలు! నా ఒక్క జత ఓడిపోయింది. నా ఆసులు చూసి గెలిచిన అతనికే కోపమొచ్చింది.

"గిసువంటి ముక్కలు వెట్టుకొని సప్పుడుజెయ్యకుంట కూసున్నవేందన్నా? నువ్వు ముందుగాల్నే పెంచితే గీ చెత్తతోని నేనెందుకు వస్తుంటి?"

నేపాలీ లేచి గరిటె తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.