జవాబుగారి నడక

తననుగాని తనవాళ్లనుగాని ఎవరైనా ఒక్క మాటంటే, దానికి జవాబు చెప్పందే ఆయనకు ముద్ద దిగదు. అందుకే ఆఫీసులో అందరూ చాటుగా ఆయన్ను జవాబుగారు అనేవారు. డాక్టరు "మీ బరువు ఎక్కువుందండీ" అంటే, "బరువు సరిగ్గానే ఉంది, ఎత్తే కాస్త తగ్గింది" అనేవారు. ఆయన వండిన రోజు భార్య "కూరలో ఉప్పెక్కువైంది" అంటే, "ఉప్పు సరిపోయింది, కూరే చాల్లేదు" అనేవారు.

అలాంటి మనిషి వీడియో గేములు తయారుచేసే కంపెనీ పెట్టారు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. గేములాడేవాళ్లు ఎంతమందో, వంకలు పెట్టేవాళ్లు అంతకు రెట్టింపు. దర్జీ దుకాణం మేడమీద అద్దె గదుల్లో కూర్చుని, కొండల్లో గుర్రమెక్కి తిరుగుతూ మందులిచ్చే డాక్టరమ్మ కథను ఏళ్ల తరబడి గేముగా మలిచారు. అందులో గుర్రానికి నడక నేర్పింది ఆఖర్లో చేరిన ఒక అమ్మాయి. ఆమెకదే మొదటి ఉద్యోగం.

గేము విడుదలైన మర్నాడు పొద్దున్నే సమీక్ష వచ్చింది. పదికి నాలుగు మార్కులు. "ఈ గుర్రం నడుస్తుంటే పాత మంచం మెట్లు దిగుతున్నట్టుంది" అని రాశాడు సమీక్షకుడు. కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన అభిమానులకు ఆ వాక్యం దొరికాక ఇక చెప్పేదేముంది? గుర్రాన్ని చేసిందెవరని ఆరా మొదలైంది. గేము చివర్లో వచ్చే పేర్లు వెతికి, ఎవడో ఆ అమ్మాయి ఫొటో కూడా పట్టుకొచ్చి పెట్టాడు.

అమ్మాయి కంప్యూటరు వెనక తల దాచుకుంది. కాసేపటికి యజమాని గదిలోంచి టకటకా కీబోర్డు చప్పుడు వినిపించింది.

"మొదలెట్టారు" అంది అక్కయ్య. ఆవిడ జవాబుగారి భార్య. ఆఫీసు వ్యవహారాలన్నీ ఆవిడే చూస్తుంది కాబట్టి అందరికీ అక్కయ్యే.

జవాబుగారు సమీక్ష కింద ఇలా రాశారు: "అయ్యా, మంచమెక్కితే నిద్రొస్తుంది. మా గుర్రమెక్కితే రాదు. పోలిక కుదరలేదు." అది చాలదన్నట్టు మరొకటి: "అసలా నడక నాదే. నన్ను చూసి చెయ్యమని నేనే చెప్పాను." సాక్ష్యానికి ఒక వీడియో. అందులో ఆయన రెండు మోకాళ్లకూ మాటల్లేనట్టు, బొజ్జ ఒక దిక్కుకూ తల ఒక దిక్కుకూ పోతుండగా వరండాలో నడిచి వస్తున్నారు.

సాయంత్రానికల్లా అందరి నోటా అదే నడక. డాక్టరమ్మను ఆయన వీపు మీదెక్కించి బొమ్మలు గీశారు. నోట్లో గడ్డి కూడా పెట్టారు.

అమ్మాయి సంచి భుజాన వేసుకుని అక్కయ్య దగ్గరికి వచ్చింది. "మానేస్తానక్కయ్యా. నా వల్ల అందరి పరువూ పోయింది. ఊరుకుంటే నాలుగు రోజుల్లో మర్చిపోయేవాళ్లు. సారేమో రెచ్చగొట్టి పెద్దది చేశారు."

"నిన్ను ఇవాళే మర్చిపోయారుగా" అంది అక్కయ్య. "చూడు, పొద్దున నీ పేరు పట్టుకుని ఊగినవాళ్లు ఇప్పుడు నీ మాటెత్తుతున్నారేమో."

అమ్మాయి ఫోను తీసి చూసింది. ఎవరూ ఎత్తడం లేదు. ఆమె ఫొటో పెట్టినవాడే అది తీసేసి, గడ్డి మేస్తున్న జవాబుగారిని పెట్టుకున్నాడు.

"సార్ అలా నడవరుగా" అంది మెల్లగా.

"నడవరు. మీటింగు గదిలో తలుపేసుకుని నేర్చుకున్నారు. వీడియో తీసింది నేనే. నవ్వాపుకోలేక చెయ్యి వణికితే మళ్లీ నడిపించాల్సొచ్చింది. ఇదంతా ఎందుకండీ అంటే, 'వాళ్లకి నవ్వడానికి ఎవరో ఒకరు కావాలి. ఆ పిల్లకన్నా నా తోలు మందం' అన్నారు."

అంతలో జవాబుగారు బయటికొచ్చారు. "ఆ సంచేంటి? నువ్వెళ్తే గుర్రాన్ని ఎవరు బాగుచేస్తారు?"

అమ్మాయి సంచి పట్టీ సవరించుకుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "వీడియోలో మీరు వెనక కాళ్లు తప్పు వేశారు సార్" అంది.

"తప్పెలా అవుతుంది? నాకున్నవి ముందు కాళ్లే" అన్నారాయన.

ఆమె నవ్వేసి సంచి దింపింది.

తర్వాత గుర్రం నడకను ఆమే చక్కగా సరిదిద్దింది. సమీక్షకుడు మాత్రం మార్కులు మార్చలేదు. అయితే ఒక అభిమాని, "పాత నడకే బాగుంది, మళ్లీ పెట్టండి" అని గోల చేశాడు. జవాబుగారు కుర్చీ ముందుకు జరుపుకునేలోపే ఆ అమ్మాయి రాసేసింది: "క్షమించాలి. ఆ నడక ఇప్పుడు మా ఆఫీసు వరండాలోనే దొరుకుతుంది. యజమానిగారికి అలవాటైపోయింది."