సాదిక్ తాగుడు

నరసరావుపేట శివారులోని మిర్చి కోల్డ్ స్టోరేజీలో సాదిక్ గేటు గుమాస్తా. లారీల నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే, ఏ రైతువి ఏ గదిలోకి వెళ్లాలో కేకేసి చెప్పడం అతని పని.

ఈ ఏడు ఎండలు ముందే ముదిరాయి. పొద్దున బాగానే ఉండే సాదిక్‌కు ఎండెక్కేసరికి కాళ్లు తడబడేవి, మాట ముద్దగా వచ్చేది. పైగా మాటిమాటికీ టిక్కీల చాటుకు వెళ్లి సీసా ఎత్తడం హమాలీలు చూశారు. మన ఊళ్లో ఇంతకు మించి సాక్ష్యం కావాలా? కబురు మేనేజరు యల్లమంద చెవిన పడింది.

యల్లమంద మంచివాడే గానీ తాగినవాణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది. శివరాత్రికి కోటప్పకొండ ఎక్కొచ్చిన నిష్ఠ కూడా ఇంకా దిగలేదు.

"ఏందిరా, తాగుతున్నావంట?"

సాదిక్ తల దించుకున్నాడు. "అవును సార్. తాగుతున్నా."

"రంజాన్ నెల్లో కూడానా? సిగ్గు లేదా?"

"చానా సిగ్గుగానే ఉంది సార్. అందుకే చాటుగా తాగుతున్నా. తాగకపోతే నిలబడలేను."

ఇంత నిజాయితీగా ఒప్పుకున్న తాగుబోతును యల్లమంద జన్మలో చూడలేదు. రేపటి నుంచి రావొద్దన్నాడు.

నోరు తెరిచి అసలు సంగతి చెప్పొచ్చుగా అంటారు మీరు. చెబితే పని పోతుందనే కదా ఆ మహానుభావుడు ఏడాదిగా దాచింది!

మర్నాడు అతని భార్య హలీమా వచ్చి, ఆ సీసాను మేనేజరు బల్ల మీద పెట్టింది.

"వాసన చూడండి బాబాయ్."

యల్లమంద ముక్కు చిట్లించుకుంటూనే చూశాడు. ఉత్త ఐసు నీళ్లు.

"గుంటూరు డాక్టరే తాగమన్నాడు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అంట. నరాల మీద పొర దెబ్బతింటదంట. ఒళ్లు వేడెక్కితే కాళ్లు, నోరు ఆయన మాట ఇనవు. చల్లబడితే మళ్లా సర్దుకుంటయి. రోజా ఉపవాసం ఉండొద్దన్నాడు. అది నలుగురికీ తెలిస్తే నామోషీ అని ఈయన చాటుకెళ్లి మంచినీళ్లు తాగుతుండాడు!"

యల్లమంద ముఖం పాలిపోయింది. "ఎంత పని చేశానమ్మా! ఇంటికాడ పడుకోమను. జీతం నేను పంపిస్తా."

హలీమా అడ్డంగా తల ఊపింది. ఒకసారి ఇంట్లో కూర్చున్నవాణ్ణి మళ్లీ ఎవరు పిలుస్తారు?

"పడుకోబెట్టడానికైతే నేనెందుకొస్తా బాబాయ్? ఆయనకి పని వచ్చు. కుర్చీ ఎండలోంచి లోపలికి జరపండి, చాలు."

ఊరంతా మాడిపోతుంటే చలి పుట్టే చోటు ఆ కోల్డ్ స్టోరేజీ ఒక్కటే. అందులో పనిచేసేవాణ్ణి తీసుకెళ్లి ఎండలో నిలబెట్టారు, ఏం తెలివితేటలో! యల్లమందకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు సాదిక్ చల్లటి ముందు గదిలో కూర్చుని మైకులో చెబుతాడు. గేటు దగ్గర స్పీకరు పెట్టించారు. కాళ్లు మొరాయించిన రోజు ఆలస్యంగా వస్తాడు, ఎవరూ ఏమీ అనరు. కుర్చీ మారిన రోజు ఇంటికెళ్లి కంటినిండా నిద్రపోయానని అందరికీ చెప్పుకున్నాడు.

మొన్న మాచర్ల నుంచి ఒక కొత్త డ్రైవరు లోడు తెచ్చాడు. లారీ గేటు దగ్గర ఆగేసరికి స్పీకరులో మేనేజరు గొంతు మోగింది.

"ఒరేయ్ సాదిక్, తాగావా?"

"ఇప్పుడే తాగా సార్!"

డ్రైవరు నోరెళ్లబెట్టాడు.

"ఎండ ముదిరిందిరా. ఇంకో గ్లాసు తాగి పని చూడు."