అర చెంచా పెరుగుకు ముహూర్తం

అర చెంచా పెరుగు పెట్టి, అనంతపురం ఆసుపత్రిలో నేను పోగొట్టుకున్న పరువు ఇంతవరకు తిరిగి రాలేదు. చదివి హాయిగా నవ్వుకోండి. మా అత్తకు మాత్రం గుర్తు చేయకండి, ఆమె మరిచిపోతే కదా!

బుక్కరాయసముద్రంలో సెల్‌ఫోన్ ఇంకా వింతగా ఉన్న రోజులు. మా పాపకు ఏడో నెల. మా ఆయనకు చిన్నప్పటి నుంచి ఎగ్జిమా. గోకి గోకి మోచేతి మడతల్లో చర్మం ఏనుగు తోలైపోయింది. అందుకే పాపకు బయటి పాలు పడతాయో లేదో కనిపెట్టి చూడమని డాక్టరమ్మ ముందుగానే చెప్పింది.

"నీ పాలు మానొద్దమ్మా. పొద్దున పూట అర చెంచా పెరుగుతో మొదలుపెట్టు. మూడు దినాలు ఇంకేదీ కొత్తది పెట్టకుండా చూడు. దద్దుర్లు లేస్తే తీసుకురా."

నేను బడి గడప తొక్కినదాన్ని కాను. నా చదువంతా మా నాయన ఇంట్లో పలక మీద దిద్దించిందే. అలాంటి నాకు డాక్టరమ్మ ఒక పరీక్ష అప్పగించింది! ఆనందం పట్టలేక కొత్త నోటుబుక్కు కొని, పైన శ్రీరామ రాసి, పంచాంగం చూసి గురువారం ముహూర్తం పెట్టాను. దీపం వెలిగించి, వెండి గిన్నెలో పెరుగుతో కూర్చున్నాను.

"ఏమ్మే, పెరుగు పెడతాండావా, పెండ్లి చేస్తాండావా?" అంది అత్త.

"పాప బయటి పాలచుక్క ఎరగదత్తా, ఇదే మొదలు. నువ్వు చాటుగా వెన్న నాకించలేదు కదా?"

"నీ కండ్లు నా చేతుల మీదే ఉంటే యాడ నాకించేది!"

పాప చప్పరించి గిన్నె మీదికి దూకింది. 'ఎనిమిదీ పదికి: సంతోషం' అని రాశాను. 'ఎనిమిదిన్నరకు: ఇంకా సంతోషం.'

మర్నాడు మధ్యాహ్నం మెడ చుట్టూ ఎర్రటి పొక్కులు! తండ్రి చర్మమే వచ్చింది, ఇక బిడ్డకు జన్మంతా గోకుడే అని ఏడుస్తూ, పాపను చంకన, నోటుబుక్కును కొంగున, అత్తను వెంట పెట్టుకుని అనంతపురం బస్సెక్కాను.

డాక్టరమ్మ చూసింది. "ఇవి చెమటకాయలు. ఈ ఎండలో మెడకు ఏం చుట్టినావు?"

"పెరుగు కారి మెడ ఒరుసుకుపోతుందేమోనని తువ్వాలు, మేడం. నిన్నటి నుంచి."

"బాగుండాది. పెరుగుకు ముందు పాలవి ఏమన్నా పెట్టినావా?"

"దేవుని మీద ఒట్టు మేడం. తీర్థం తప్ప ఏమీ పోయలేదు."

"ఏం తీర్థం?"

"శివాలయంలో అభిషేకం చేసిన పంచామృతం. నాలుగో నెల నుంచి సోమవారం సోమవారం మూడు చెంచాలు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "పంచామృతంలో ఏమేముంటాయి, చెప్పు."

నేను భక్తిగా వేళ్ళు మడిచాను. "పాలు, పెరుగు, నెయ్యి..." మూడో వేలు మడిచినది మడిచినట్టే ఉండిపోయింది.

"నన్ను అడిగినావు కదమ్మే, వెన్న నాకించినావా అని!" అత్త గొంతుకు బయట వరుసలో వాళ్ళంతా తొంగిచూశారు.

డాక్టరమ్మ కండ్లు తుడుచుకునేంతగా నవ్వింది. "బిడ్డకు పాలు పడతాయని మూడు నెలల కిందటే తేల్చేసినావు. కానీ అందులో తేనె ఉంటుంది. ఏడాది నిండేదాకా తేనె ప్రమాదం. ఆపేయ్, దేవుడేం అలగడు."

నా చేతిలో నుంచి నా బిడ్డను కాపాడినందుకు దేవుడికి అక్కడే దండం పెట్టుకున్నాను. ఇకమీదట బిడ్డ నోట్లోకి పోయేది సాక్షాత్తు శివుడి అభిషేకమైనా సరే, ఆహారంగానే లెక్క వేస్తానని ఆ ఆసుపత్రి బల్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను.

నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. తర్వాతి సోమవారం కింద ఇలా రాసి ఉంది: 'తీర్థం. ఆరు చెంచాలు. పాప వంతు కూడా నేనే తాగాను.'