చుక్క పడని అట్ట

ఆమెని ఆడబిడ్డ "వదినా" అని పిలుస్తుంది. అందుకని ఆమె నడిపే కారెక్కే వాళ్లందరికీ వదినే. కుట్టు ఫ్యాక్టరీ గేటు దగ్గరుండే వాచ్‌మన్‌కి కూడా.

ఒకప్పుడు వదిన అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. నడుం పట్టేసి మానేసింది. ఆ తర్వాత కంపెనీ ఖర్చు తగ్గించుకోవాలని కార్మికుల వ్యాన్ ఆపేసింది. ఆడవాళ్లు ఎలా వస్తారన్నది కంపెనీకి పట్టలేదు, ఎప్పుడొస్తారన్నది మాత్రం పట్టింది. కాస్త ఆలస్యమైతే గేటు మూసేస్తారు, ఆ రోజు కూలి పోయినట్టే. దీనికి క్రమశిక్షణ అని పేరు పెట్టారు. కూలి ఎగ్గొట్టడానికి ఇంత మర్యాదైన పేరు ఇంకోటి దొరకదు.

అప్పుడు వదిన, తన అన్న మూలపడేసిన కారు అడిగి తెచ్చుకుని నడపడం నేర్చుకుంది. ఆడబిడ్డనీ, కాజాలు కుట్టే పిన్నినీ, మరో ఇద్దరినీ పొద్దున్నే ఎక్కించుకుని గేటు దగ్గర దింపుతుంది.

ఒక శనివారం సాయంత్రం కారు కింద నూనె మడుగు కట్టింది. వీధి చివరి మెకానిక్ వచ్చి వంగి చూశాడు. గేర్‌బాక్స్ అడుగు డొప్పకి రాయి తగిలి బీట పడిందన్నాడు. కొత్త డొప్ప తెప్పించి మార్చాలంటే వారం పడుతుందన్నాడు.

ఆడబిడ్డకి అంత గడువు లేదు. ఇంకోసారి గేటు మూశాక వస్తే మళ్లీ రానక్కర్లేదని సూపర్‌వైజర్ అప్పటికే తేల్చి చెప్పాడు. మొదటి బస్సేమో గేటు మూశాకే వస్తుంది.

"మెటల్ పేస్టుతో అతకదా?" అంది వదిన.

"సన్న బీటే కాబట్టి కొన్నాళ్లపాటు ఆగుద్దమ్మా. కానీ నూనె తడి పిసరంత ఉన్నా పట్టదు. నా దగ్గర రెండు బళ్లు విప్పి ఉన్నాయి, రేపు రాలేను. నువ్వు చేసుకోగలవా?"

"చేతులున్నాయిగా."

అతను నవ్వి, పేస్టూ ఇనప స్టాండ్లూ ఇచ్చి పంపాడు.

ఆదివారం పొద్దున పెరట్లో కారుని స్టాండ్ల మీదికెత్తారు. వదిన కిందికి దూరి డొప్పని పెట్రోలుతో కడిగింది. బీట ఎక్కడుందో కనబడలేదు. ఆడబిడ్డ బట్టల మీద గీతలు గీసే సుద్దని నలిపి చల్లింది. కాసేపటికి ఆ తెలుపు మీద నూనె ఊరి, నల్లగా వెంట్రుకలాంటి గీత తేలింది.

"ఇదిగో వదినా. నీకు కోపమొస్తే నుదుటి మీద పడే గీతలా లేదూ?"

"ఉంటుంది. నీతో కాపురం చేస్తున్నా కదా."

గేర్‌బాక్స్‌లోని నూనంతా వంపేశారు. వదిన బీట చుట్టూ గరుకు కాయితంతో రుద్ది, మళ్లీ కడిగి, "ఒకసారి పొడిగా తుడువు" అని పేస్టు కలపడానికి వెళ్లింది. ఆడబిడ్డ అద్దంలా మెరిసేట్టు తుడిచింది. పేస్టు పూశారు.

మధ్యాహ్నం వదిన గోటితో నొక్కి చూసింది. పేస్టు పెచ్చులా ఊడి చేతిలోకొచ్చింది.

"దేంతో తుడిచావే?"

"గుడ్డతోనే. మెషిన్ తుడిచే గుడ్డ."

"దానికి నూనె ఉండదూ?"

"నూనె ఉంటేనే కదా మెషిన్ మెరిసేది," అంటూనే ఆగిపోయింది. ఏళ్ల తరబడి సాయంత్రమయ్యేసరికి ఆ నూనె గుడ్డతో కుట్టుమిషను తుడిచిన చెయ్యి అది. ఇనుము కనబడగానే అదే గుడ్డ అందుకుంది.

సాయానికొచ్చిన కాజాల పిన్ని తొంగి చూసింది. "పెళ్లినాడు మా ఆయనా ఇలాగే మెరిశాడులే."

ఆడబిడ్డ నవ్వలేదు. "నా పని నేనే ఊడగొట్టుకున్నాను వదినా."

"ఇంకా సగం పేస్టుంది. ఏడుపు తర్వాత, ముందు నూనె తగలని గుడ్డ తే."

ఆడబిడ్డ లోపలికెళ్లి, ఇంకా దిండుకి తొడగని కొత్త గలీబు తెచ్చి పర్రున చించింది. మళ్లీ రుద్దారు, మళ్లీ కడిగారు. తుడిచిన గుడ్డ తెల్లగానే వచ్చేదాకా వదిలిపెట్టలేదు. అప్పుడు పూసిన పేస్టు తెల్లారేసరికి రాయిలా బిగిసింది.

సోమవారం కొత్త నూనె పోసి బయల్దేరారు. గుంత వచ్చినప్పుడల్లా వెనక కూర్చున్న ముగ్గురూ కాళ్లు పైకెత్తారు, బరువు తగ్గుతుందేమోనని. గేటు ఇంకా తెరిచే ఉంది. నూనె ఇంకా కారుతోందేమో చూడ్డానికి వదిన కారు కింద అట్టముక్క పరిచింది. ఆడబిడ్డ కదలకుండా అక్కడే నిలబడింది.

"లోపలికి పోవే తల్లీ, నీ కోసమే ఇదంతా."

"నువ్వు లేకపోతే వీళ్లంతా ఏమైపోదురో వదినా," అన్నాడు వాచ్‌మన్.

"భలేవాడివే. నడుం పోయి మంచం పట్టిన దాన్ని. బ్రేకెక్కడుందో వెతుక్కుంటూ నడిపిన రోజుల్లో కూడా వీళ్లు ప్రాణాలకి తెగించి ఎక్కారు. ఒక్కళ్లూ దిగిపోలేదు. నన్ను డ్రైవర్ని చేసింది వీళ్లు."

ఆడబిడ్డ వంగి అట్ట లాగింది. ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. ఒక్క చుక్క లేదు.

"పొడిగా ఉంది వదినా."

అట్టని వదిన చేతిలో పెట్టి, మూయబోతున్న గేటులోంచి లోపలికి పరిగెత్తింది.