మైకు ముందు మా తోడికోడలు

మా తోడికోడలి గొంతంటే ఊరంతటికీ మోజు. నాకు మాత్రం కడుపుమంట. దాచుకోవడం దేనికి?

ఆమెను రేవు ఆఫీసులో చేర్పించింది నేనే. మైకులో చెప్పే ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసి, దరఖాస్తు నా చేత్తో నింపి, నా చీర కట్టించి మరీ పంపాను. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. అప్పటికి పందొమ్మిదేళ్లుగా నేను అదే ఆఫీసు కిందిగదిలో ఉన్నాను. గంటకోసారి గట్టు చివరికి వెళ్లి, నీళ్లలో పాతిన కొలకర్ర మీద అంకె చూసి రిజిస్టరులో రాయడం నా పని. నేల కంపిస్తే మాత్రం ఆ కర్ర మీదనుంచి చూపు తిప్పకూడదు. నీళ్లు దానిమీది ఎర్రగీత కిందికి జారితే సునామీ వస్తున్నట్టే, వెంటనే మైకు ఉండే పైగదికి ఫోన్ చేయాలి. ఇన్నేళ్లలో నన్ను మెచ్చుకున్న నోరు ఒక్కటీ లేదు.

ఆమెకు నెల తిరక్కుండానే పేరొచ్చింది. ప్రతి నెలా మొదటి సోమవారం పదకొండింటికి సునామీ డ్రిల్లు ఉంటుంది. సైరన్ మోగగానే మైకుల్లో ఆ గొంతు: "తీరంలో ఉన్నవారందరూ మెట్లదారిలో కొండపైకి వెళ్లండి. ఇది డ్రిల్లు మాత్రమే. ఎవరూ కంగారుపడవద్దు." కంగారు మాట దేవుడెరుగు, ఎవరూ కదిలేవారే కాదు. వలలు బాగుచేసేవాళ్లు చేతిలో పని ఆపి వినేవారు. మంగలి కత్తి పైకెత్తి అలాగే ఉండిపోయేవాడు.

మా ఆయనైతే ఇంటికొచ్చి మరీ అనేవాడు. "మా మరదలు చెబుతుంటే, సునామీ వచ్చినా కూర్చుని వినాలనిపిస్తుందే!"

"నా గొంతుకేం తక్కువ?"

"ఏం లేదు. తలుపు బందుల్లా కిర్రుమంటుంది, కాస్త నూనె వేయించాలంతే."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పోనీ, తిట్టుకుందామంటే ఆమెకు గర్వమైనా ఉందా? "ఇదంతా నీ చలవే అక్కా" అంటుంది. దాంతో నాకు ఒళ్లు ఇంకా మండేది.

ఆరేళ్లు గడిచాయి. ఒక గురువారం పొద్దున నేల ఊగింది. బీరువా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. గట్టు చివరికి పరుగెత్తాను. నీళ్లు ఎర్రగీత దాటి ఇంకా కిందికి జారుతున్నాయి. పడవలు బురదలో ఒరిగిపోతున్నాయి. గట్టు మీది ఫోన్ అందుకుని పైగదికి చెప్పాను. సైరన్ మోగింది. వెంటనే ఆ గొంతు వచ్చింది.

"...కొండపైకి వెళ్లండి. ఇది డ్రిల్లు మాత్రమే. ఎవరూ కంగారుపడవద్దు."

డెబ్బయిసార్లు చెప్పిన మాట. భయంలో నోరు దానంతటదే పలికేసింది. మెట్లదారి పట్టినవాళ్లు ఆగారు. నేల ఊగిన సంగతి తెలిసీ, ఆ గొంతు చెప్పింది కదా అని నవ్వుకుంటూ వెనక్కి తిరిగారు.

నిజం చెబుతాను. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. దొరికిపోయింది, అనుకున్నాను. అంతలో ఎదురుగా మంగలి దుకాణంలో, సగం గీసిన గడ్డంతో తిరిగి కుర్చీలో కూర్చుంటున్న మా ఆయన కనిపించాడు.

నేను పైగదికి చేరేసరికి ఆమె మైకు పట్టుకుని కుర్చీలోనే ఉంది. "నేనేమన్నానక్కా? నోట మాట రావట్లేదక్కా!"

"లేవ్వే!" మైకు లాక్కున్నాను. "ఇది డ్రిల్లు కాదు! నీళ్లు వెనక్కి పోయాయి, నా కళ్లతో చూశాను! పరుగెత్తండి, పైకి!"

అచ్చం నూనె లేని బందుల చప్పుడే. మైకులో ఎవరూ ఎన్నడూ వినని గొంతు. ఊరు ఊరంతా మెట్ల మీద పడింది. మూడుసార్లు అరిచి, ఆమె రెక్క పట్టుకుని నేనూ పరుగెత్తాను. అల వచ్చి మా కిందిగదినీ, మంగలి దుకాణాన్నీ ఊడ్చుకుపోయింది. మనుషులందరూ కొండ మీదే ఉన్నారు, సగం గడ్డంతో మా ఆయనతో సహా.

విచారణకు వచ్చిన అధికారి ఆమెను ఉద్యోగంలోంచి తీయలేదు. "డ్రిల్లుకు ఈమె చెబుతారు. నిజంగా వస్తే మీరు చెప్పాలి. మిగతా రోజుల్లో మీరు మైకు ముట్టుకోవద్దు. మీ గొంతు జనానికి అలవాటు కాకూడదు" అని నాతో అన్నాడు.

అలా మైకు చివరికి నాకూ దక్కింది. ప్రతి మొదటి సోమవారం ఆమె పక్క కుర్చీలో కూర్చుంటాను. ఆమె చెబుతుంది, ఊరు వింటుంది. నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. గొంతు సవరించుకుని ఊరుకుంటాను.

మొన్న కుళాయి దగ్గర ఒక ముసలామె నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు నూరేళ్లు చల్లగా ఉండాలి తల్లీ. నీ గొంతు మాత్రం మళ్లీ మా చెవిన పడకూడదమ్మా."