మౌస్‌ను సొరుగులో పెట్టిన షాహీన్ ఆపా

మొన్న లక్సెట్టిపేటలో ఏదో పని మీద ఒక ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల క్లర్కు కీబోర్డు మీద కిందిబాణాన్ని టకటకా నొక్కుకుంటూ పోతున్నాడు. పక్కనే ఉన్న మౌస్‌ను ముట్టనైనా ముట్టడం లేదు. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ షాహీన్ ఆపా గుర్తొస్తుంది.

కరీంనగర్‌లో బస్టాండుకు దగ్గరగా, మూడో అంతస్తులో మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. ఎంసీఏ చదివానన్న పొగరుతో నేను సుల్తానాబాద్ నుంచి రోజూ వచ్చిపోయేవాణ్ణి. అక్కడే పనిచేసే షాహీన్‌ను అందరం ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. ఆమె చదివింది డిప్లొమానే. వాళ్ల నాన్నది గడియారాల దుకాణం. నాకంటే నాలుగేళ్లు పెద్ద, పదింతలు పనిమంతురాలు. ఈ రెండో మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. కొత్త స్క్రీన్ తయారైందంటే చాలు, ఆమె మౌస్ వైరు పీకి సొరుగులో పెట్టేసేది. ఆ పూటంతా మీటలతోనే నడపాలి. నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని అలాగే నేర్పింది. చెట్టులా కొమ్మలుగా విడిపోయే జాబితాలో కుడిబాణం నొక్కితే కొమ్మ తెరుచుకోవాలి, మళ్లీ నొక్కితే లోపలికి పోవాలి. ఎడమబాణానికి కొమ్మ మూసుకోవాలి, మళ్లీ నొక్కితే పైకొమ్మకు రావాలి. "లోపటికి పోయినోడు మల్ల బయటికొస్తడా లేదా, జర గది చూడు ముందు," అనేది. ఆఫీసు నడిపే సార్ ఆమె పని చూసి తల ఊపినప్పుడల్లా నేను కళ్లలో నిప్పులు పోసుకునేవాణ్ణి.

అంతలో మందమర్రిలో యంత్రాల విడిభాగాలు ఉంచే ఒక స్టోరు పని మాకు వచ్చింది. తెరకు ఎడమవైపు చెట్టులాంటి జాబితా ఉండాలి. యంత్రం, దాని కింద భాగాలు, వాటి కింద చిన్న భాగాలు. ఒక పేరును ఎంచుకుంటే దాని వివరాలు కుడివైపు కనిపించాలి. ఇద్దరూ చెరొకటి చేయండి, ఎవరిది బాగుంటే పని వాళ్ల చేతికిస్తాను, రెండోవాళ్లు వాళ్ల కింద చేయాలి అన్నారు సార్. ఆపా కింద పనిచేయకుండా తప్పించుకోవడానికి నాకు అదొక్కటే దారి.

నా చెట్టులో ఒక భాగాన్ని మౌస్‌తో పట్టుకుని ఇంకో యంత్రం కిందికి లాగి వదలొచ్చు. ఆమెది చూడ్డానికి సాదాసీదా. సార్‌కు చూపించే ముందు రోజు ఆమె చెట్టులో ఒక లోపం నా కంటపడింది. లోపలి భాగం మీద ఉండగా మౌస్‌తో పైకొమ్మను మూసేస్తే, మనం ఎక్కడున్నామో చూపే నీలిపట్టీ మాయమైపోతుంది. ఆ తర్వాత బాణాలు పనిచేయవు. మౌస్ ముట్టని మనిషికి అది ఎలా తెలుస్తుంది? నేను చెప్పొచ్చు. చెప్పలేదు. మర్నాడు సార్ సరిగ్గా అక్కడే నొక్కారు. పని నాకు వచ్చింది. ఆ సాయంత్రం సుల్తానాబాద్ దాకా బస్సులో నిలబడే వెళ్లాను, అయినా కాళ్లు నొప్పి పుట్టలేదు.

వారం తర్వాత ముగ్గురం మందమర్రి వెళ్లాం. స్టోరు చూసుకునే ఓదెలు గారు మౌస్‌ను పక్కకు జరిపి కిందిబాణం నొక్కుకుంటూ పోయారు. నీలిపట్టీ ఒక్కో పేరు మీదికి దిగుతోంది, కుడివైపు మాత్రం మొదట ఉన్న మోటారు వివరాలే ఉన్నాయి. ఆయన గమనించక, వాషర్‌కు రాయాల్సిన ర్యాక్ నంబరును మోటారుకు రాసి సేవ్ చేశారు. వివరాలు తెచ్చే పనంతా నేను మౌస్ నొక్కుడుకే కట్టేశాను, బాణాల ఊసే ఎత్తలేదు.

"నేనొక కాడున్న, గిదొక కాడున్నది సారూ," అన్నారాయన మెల్లగా.

సార్ నా వైపు చూశారు. "మేం సరిగ్గ చూడలే సార్, పది నిమిషాలియ్యుండ్రి," అంటూ ఆపా వచ్చి కూర్చుంది. మౌస్ నొక్కినా, బాణం నొక్కినా చివరికి మారేది ఎంచుకున్న పేరే. వివరాలు తెచ్చే పనిని ఆమె ఆ పేరు మారే చోటికి జరిపింది. అంతే, ఓదెలు గారు ఏది నొక్కినా సరిగ్గా వచ్చింది. తప్పు నాదైతే ఆమె "మేం" అనడం నన్ను తిట్టినదానికంటే ఎక్కువ కాల్చింది.

తిరుగు బస్సులో సార్ ముందు సీట్లో కునుకు తీస్తున్నారు. ఆపా కిటికీలోంచి చూస్తోంది.

"గా బాణాల సంగతి నాకు నిన్ననే కనవడ్డది శ్రీనివాస్," అంది. "చెప్పబుద్ధి కాలే. గా లాగి వదిలేది నాకెందుకు తట్టలేదని కుళ్లుకున్న. తప్పయింది."

నేను దాచింది చెప్పాల్సిన సమయం అదే. కానీ నేనేమన్నానో తెలుసా? "పర్వాలేదు ఆపా," అన్నాను. పెద్దమనిషిలా ఆమెను క్షమించేశాను.

ఏ స్క్రీన్ చేసినా ఇప్పుడు చేతిలో మౌస్ ఉన్నవాడినీ, లేనివాడినీ ఇద్దరినీ తలుచుకునే చేస్తాను. పనిలో ఆపాను అందుకున్నానేమో కూడా. ఆమె నంబరు నా ఫోన్లో ఉంది. ఎన్నోసార్లు తీశాను, ఒక్కసారీ నొక్కలేదు. కుళ్లుకున్నానని మనిషి మొహం మీద చెప్పగలగడం ఆమెకు వచ్చు, నాకు రాదు. ఆమె మీద నాకు మిగిలిన కుళ్లు అదొక్కటే.