వంత పాడని లెక్క

పందొమ్మిది వందల నలభై ఆరులో, వానకాలం మొదట్లో, నన్ను మానుకోట నుంచి జనగామ తాలూకాలోని ఒక ఊరికి బదిలీ చేశారు. మానుకోట అంటే ఇప్పటి మహబూబాబాద్. కొత్త ఊరు పాలకుర్తికీ కొడకండ్లకూ నడుమ ఉండేది. పేరు చెప్పను. ఆ దొర వంశంవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళతో నాకిప్పుడు పేచీ లేదు. బడి తహ్తానియా, అంటే నాలుగో తరగతి దాకా ఉండే ప్రాథమిక పాఠశాల. పంతులును నేనే, పెద్దపంతులును నేనే, గంట కొట్టేదీ నేనే. ఏడాదికోసారి తనిఖీకి వచ్చే నాజిర్ సాబు, అంటే బడుల ఇన్‌స్పెక్టరు, తప్ప నా మీద అధికారి లేడని కాగితం మీద ఉండేది. ఊళ్ళో అసలు అధికారి కోటలాంటి గడీలో ఉండే దొర అని మొదటి రోజే తెలిసిపోయింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. లెక్కలు చెప్పడంలో నన్ను మించినవాడు తాలూకాలో లేడని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పెద్దగా సడలలేదు లెండి.

బడి నడిచేది గడీ వెనక, ఒకప్పుడు ధాన్యం పోసిన కొట్టంలో. పిల్లలందరూ నేల మీద కూర్చునేవాళ్ళు. ఒక్కడికి మాత్రం కుర్చీ. వాడు దొర మనుమడు, తొమ్మిదేళ్ళవాడు. ఊరంతా వాణ్ణి చిన్నదొర అనేది. నేనే నిలబడి పాఠం చెబుతుంటే వాడు కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ వినేవాడు. నాకు ఒళ్ళు మండేది కానీ, కొత్తగా వచ్చినవాణ్ణి, ఊరుకున్నాను.

ఎక్కాలు పిల్లలు గొంతెత్తి బ్రహ్మాండంగా చదివేవాళ్ళు. చిక్కంతా ప్రశ్న అడిగినప్పుడే. రెండో రోజో మూడో రోజో, ఎనిమిదారులు ఎంతరా అని అడిగాను. తరగతి మొత్తం గుడ్లప్పగించి కుర్చీ వైపు చూసింది. చిన్నదొర కాసేపు ఆలోచించి "నలభై రెండు" అన్నాడు. వెంటనే కొట్టం అదిరేలా అందరూ "నలభై రెండు" అన్నారు. ఓరి దేవుడా, ఇంతమంది మొద్దులను ఒక్కచోట పోగుచేసి నా నెత్తిన వేశారేమిటి అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం సోమక్క అనే పిల్ల గుమ్మం దగ్గర చింతగింజలతో ఆడుతోంది. బడిలో ఉన్న ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతె. తండ్రి మల్లయ్య చెరువు కింద చిన్న మడి ఒకటి దొర దయ మీద దున్నుకుంటూ, దానికి బదులుగా గడీలో వెట్టి చేసేవాడు. నడుస్తూ నడుస్తూ అదే ప్రశ్న వేశాను. తల కూడా ఎత్తకుండా "నలభై ఎనిమిది" అంది. మరి పొద్దున నలభై రెండు అన్నావు కదే అని నిలదీశాను.

"చిన్నదొర చెప్పినంక మేమెట్ల ఇంకోటి చెప్తం పంతులూ? తప్పని మాకెరికే. మా నాయిన దున్నే మడి దొరదే గద" అంది, నాకే లోకజ్ఞానం లేదన్నట్టు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఇక్కడ మొక్కలు అప్పటికే వంగిపోయి ఉన్నాయి. వాటిని నిలబెట్టాలి. ఎదురు తిరగండిరా అని పిల్లలకు చెప్పి వాళ్ళ ఇళ్ళ మీదికి తెచ్చే పని నేను చేయదలచలేదు. అందుకని పద్ధతి మార్చాను. పలక బోర్లించే పద్ధతి అని దానికి నేనే పేరు పెట్టుకున్నాను. ప్రశ్న రెండుసార్లు చదువుతాను. ఎవరూ నోరు తెరవకూడదు. ఎవరి జవాబు వాళ్ళు పలక మీద రాసి నేల మీద బోర్లించాలి. అందరూ బోర్లించాక నేను చేయి ఎత్తితే ఒక్కసారే తిప్పాలి. తిప్పాక చేయి పలక మీద పడితే ఆ పూట గోడకు నిలబడాల్సిందే. ఒకరి మొహం చూసి ఒకరు దిద్దుకునే సందు లేదు. పైగా దొరను ధిక్కరించామన్న నింద కూడా ఎవరి మీదా పడదు, ఎందుకంటే చిన్నదొర ఏం రాశాడో ఎవరికీ తెలియదు.

పలక బోర్లించాలంటే నేల కావాలి. కాబట్టి చిన్నదొర కుర్చీ దిగి కూర్చోవలసి వచ్చింది. దిగాడు. మొదటి రోజు పలకలు తిప్పితే తప్పు జవాబులు రెండో మూడో, అందులో వాడిది ఒకటి. వాడు చుట్టూ ఉన్న పలకలన్నీ చూశాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను, తెచ్చుకోలేదు. నోరు తెరుచుకుని చూశాడు.

"నాది తప్పా పంతులూ?"

తప్పేనన్నాను.

"మరి ఇన్నొద్దులు ఎవ్వలు చెప్పలే గద!"

నిజంగా జాలేసింది నాకు. ఊరంతా కలిసి ఆ పిల్లవాణ్ణి మోసం చేసింది. భయంతోనే చేసింది కానీ, మోసం మోసమే. తప్పని చెప్పేవాళ్ళు దొరికిన తర్వాత వాడికి లెక్కలు రాసాగాయి. దసరా నాటికి ఫరవాలేదనిపించాడు. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఆ చలికాలంలో నాజిర్ సాబు తనిఖీకి వచ్చాడు. మర్యాద కొద్దీ దొర కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. హాజరు చూశారు, ఎక్కాలు విన్నారు. చివరికి జబానీ హిసాబ్, అంటే నోటిలెక్క. అది పలక మీద రాయించడానికి నియమం ఒప్పుకోదు. ఐదు బండ్లు, బండికి పన్నెండు బస్తాల వడ్లు, దారిలో పదిహేను బస్తాలు దించేశారు, మిగిలినవి ఎన్ని అని నాజిర్ సాబు అడిగాడు. తాతను చూసి బెదిరాడో ఏమో, చిన్నదొర "నలభై" అన్నాడు. వెనక నుంచి ఒకటి రెండు గొంతులు నలభై అని అందుకున్నాయి. ఇంతలో సోమక్క లేచి నిలబడి "నలభై ఐదు" అంది. నాజిర్ సాబు "షాబాష్ బేటీ" అన్నాడు. దొర ఆ పిల్ల ఎవరి బిడ్డని పక్కవాణ్ణి అడిగాడు.

మర్నాడు సోమక్క బడికి రాలేదు. ఇక నుంచి ఆ పిల్ల గడీ వాకిళ్ళు ఊడ్వాలనీ, మల్లయ్య చెరువు కింది మడి వదిలిపెట్టాలనీ కబురు పోయిందట. సాయంత్రం నేను గడీకి వెళ్ళాను. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకోకుండా నిలబడ్డాను. అంతవరకే నా ధైర్యం. బాబును పట్నం బడిలో చేర్పిస్తామంటున్నారు, అక్కడి పరీక్షలో వంత పాడేవాళ్ళు ఉండరు, ఇక్కడ ఎదురు చెప్పేవాళ్ళు ఉంటేనే బాబుకు లెక్క వస్తుంది, ఆ పిల్లను బడికి పంపండి అని చెప్పాను. దొర శాంతంగా విన్నాడు.

"పంతులూ, నీ జీతం బాబుకు చెప్పెటందుకు. ఊరందరికి లెక్కలొస్తే మడి ఎవడు దున్నుతడు?" అన్నాడు.

బయటికి వస్తుంటే దర్వాజా దగ్గర మల్లయ్య కనిపించాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు మంచే చెప్పినవ్ పంతులూ. గని మా బతుకులకు లెక్కలు అచ్చిరాలె" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లే. ఎండకాలం దాటి మళ్ళీ వానలు పడేదాకా సోమక్క గడీ వాకిళ్ళు ఊడ్చింది. చిన్నదొర మాత్రం ఒకరోజు ఇంటిలెక్కలన్నీ సరిగ్గా చేసుకొచ్చాడు. ఎవరు దిద్దారని అడిగితే, "సోమి చెప్పింది పంతులూ. ఊడ్సుకుంటనే చెప్తది, నాకంటె జల్ది!" అని మురిసిపోయాడు. పిల్లలకు పెద్దవాళ్ళ బుద్ధి రావడానికి ఇంకా సమయం పడుతుంది.

ఈలోగా చుట్టుపక్కల ఊళ్ళలో దొరలకు ఎదురు తిరిగిన రైతుకూలీల సంఘం లేచింది. ఇక వెట్టి చేసేది లేదని జనం తెగేసి చెప్పారు. మా ఊళ్ళోనూ చెప్పారు. ఒక పొద్దున చూస్తే గడీకి తాళం. దొర కుటుంబంతో సహా పట్నం వెళ్ళిపోయాడు. మర్నాడే సోమక్క బలపం పట్టుకుని వచ్చి తన చోట కూర్చుంది. కుర్చీ మీద నేను నీళ్ళకుండ పెట్టించాను. చాలా ఊళ్ళలో బడులు మూతపడ్డాయి. మాది కుంటుతూ నడిచింది. దారిలో దుమ్ము లేచి పోలీసు బండి కనబడితే పిల్లలను ఇళ్ళకు పంపేవాణ్ణి, దుమ్ము అణిగాక మళ్ళీ గంట కొట్టేవాణ్ణి.

మా దిక్కు సంఘాన్ని నడిపింది మరిపెడ వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు. అందరూ అన్న అనేవాళ్ళు, అంతే. చదువు మధ్యలో వదిలి తుపాకి పట్టినవాడు. పిల్లలకు ఆయనంటే ప్రాణం. చెరువు కింద దొర భూమి నలభై ఎకరాలు, సెంటు భూమి లేని పదహారు ఇండ్లకు పంచాలని నిర్ణయమైంది. మల్లయ్య ఇల్లు అందులో ఒకటి. పంపకానికి ముందు రోజు పొద్దున అన్న బడికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. పిల్లలను పలకరించి, రేపటి లెక్క మీరే చెప్పుండ్రి అన్నాడు. నలభై ఎకరాలు, పదహారు ఇండ్లు, ఇంటికి ఎంత? వాళ్ళు నోరు తెరిచేలోగా తనే వేళ్ళు ముడుచుకుంటూ పైకి లెక్కపెట్టాడు. "ఇంటికి రెండేస్తె ముప్పై రెండు పాయె. ఉన్నయి ఎనిమిది. అవి పదహారిండ్లకు అంటె... పావు. రెండుంబావు!"

కొట్టం అదిరిపోయింది. "రెండుంబావు!" అన్నారు పిల్లలంతా, సంబరంగా.

దొర ముందు భయంతో చెప్పిన తప్పును ఇప్పుడు ప్రేమతో చెబుతున్నారు. తప్పు మాత్రం తప్పులాగే ఉంది. రెండుంబావు చొప్పున పంచితే నాలుగెకరాలు మిగిలిపోతాయి. సంఘపోళ్ళు మింగారని అనడానికి దొర మనుషులు కాచుకుని ఉన్నారు. సోమక్క వైపు చూశాను. నోరు కదపలేదు. నేల చూస్తోంది.

నేనే చెప్పేయవచ్చు. చెప్పలేదు. పలకలు తీయండి అన్నాను. ఒక పలక తెచ్చి అన్న చేతికి కూడా ఇచ్చాను. ఆయన నా మొహం చూసి, తుపాకి గోడకానించి, పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాడు. రాశాం, బోర్లించాం, తిప్పాం. కొన్ని రెండుంబావు, కొన్ని రెండున్నర. అన్నది రెండుంబావు. ఆయన పక్కనే ఉన్న సోమక్క పలక మీద రెండున్నర.

"ఎవలది ఒప్పు చెల్లే?" అన్నాడు అన్న.

"నాదే" అంది సోమక్క, వినీ వినపడకుండా.

"మరి నేను తప్పు చెప్తుంటె సప్పుడు జెయ్యకుంట కూసున్నవేంది?"

ఆ పిల్లకు ఏడుపొచ్చింది. "అప్పుడు చెప్తె మా మడి పోయింది. ఇప్పుడు చెప్తె వచ్చేది గూడ పోతదేమోనని" అంది.

అన్న తన పలక తుడిచి, మళ్ళీ మొదటి నుంచి లెక్క చేశాడు. ఎనిమిదెకరాలు పదహారిండ్లకు సగం సగం. రెండున్నర అని పెద్దగా రాసి అందరికీ చూపించాడు.

మర్నాడు చెరువు కట్ట మీద జనం ముందు ఆయన ఆ సంగతి దాచలేదు. "నిన్న నేను తప్పు జేస్తె మల్లయ్య బిడ్డ దిద్దింది. మీరు గూడ తప్పనిపిస్తె లేసి అడుగుండ్రి" అన్నాడు. మొదట ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఒక ముసలమ్మ లేచి తన హద్దు రాయి సరిగ్గా లేదంది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు లేచారు. సాయంత్రం దాకా అరుపులే అరుపులు. అంత చక్కని అరుపులు నేను మళ్ళీ వినలేదు. ఆ తర్వాత కాలం మారింది, భూములు చేతులు మారాయి. మల్లయ్య ఇంటివాళ్ళకు అందులో కొంత నిలిచింది. అన్న అడవిలో పోయాడని విన్నాను.

నా ఉద్యోగం చివరి దాకా నేను పాటించిన నియమం ఒకటే. ఎక్కాలు కలిసి చదవాలి, లెక్క ఎవరిది వాళ్ళు చేయాలి. ఏ ఊరికి బదిలీ అయినా మొదటి రోజు బోర్డు మీద కావాలనే ఒక తప్పు లెక్క చేసి, సరేనా అని అడిగేవాణ్ణి. భూపాలపల్లి దిక్కు ఒక అడవి ఊళ్ళో చాక్‌పీసు కింద పెట్టకముందే ఒక పిల్ల "తప్పు సారూ" అని అరిచింది. కొన్ని ఊళ్ళలో వారం దాటినా ఎవరూ అనలేదు. వాళ్ళకు లెక్కలు రాక కాదు. అలాంటి చోట పాఠం ఆపి, జవాబు చెప్పే ముందు పిల్లలు ఎవరి మొహం చూస్తున్నారో వెతికేవాణ్ణి. ఎక్కువసార్లు అది నా మొహమే.